దారి పక్కన నిలబడేవాళ్లు

(సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా ఏర్గట్లలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన యువకులు ఈసారి ఒక ఆలోచన ముందు పెట్టారు. ఏర్గట్ల చుట్టుపక్కల గుట్టలు, చెరువు కట్టలు, తాండా బాటలు కలుపుకుంటూ పెద్ద సైకిల్ పోటీ పెడదామన్నారు. తారురోడ్డు మీద కాదు, రాళ్ల బాట మీద. మౌంటెన్ బైక్ పోటీ అంటారు దాన్ని. మాకు సంతోషం అనిపించింది. కానీ వాళ్ల మాటల్లో ఎక్కువగా వినబడింది ఒకటే ప్రశ్న: ఎవరు గెలుస్తారు? హాస్టల్లో ఆడపిల్లల మధ్య ఉండే మేము ఇంకో ప్రశ్న అడగడానికి వచ్చాం. దారి పక్కన ఎవరు నిలబడతారు?

ఎందుకు అడుగుతున్నామో చెప్తాం. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ అని ఒక చిన్న కొండ ఊరు ఉంది. సముద్ర మట్టానికి మూడు వేల మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ గాలి పలచన, నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది. ఆ ఊరు బతికింది గనుల మీద. దగ్గర్లోని క్లైమాక్స్ మాలిబ్డినం గని 1980ల మొదట్లో మూతపడింది. మూడు వేల మందికి పైగా పని పోయింది. ఊరు ఖాళీ అవడం మొదలైంది.

ఈ మాట మనకు కొత్త కాదు. మన జిల్లాలో బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడొక్కడే నష్టపోడు. చెరుకు వేసిన రైతు, కొట్టే కూలీ, బండి తోలేవాడు, గేటు ముందు చాయ్ అమ్మేవాడు అందరూ నష్టపోతారు. తర్వాత ఇంటికొకరు దుబాయి దారి పడతారు.

లెడ్‌విల్‌లో కెన్ చ్లోబర్ అనే గని కార్మికుడు, మెరిలీ మాపిన్ అనే ఆమె, ఇంకొందరు కలిసి ఊళ్లోకి మనుషులను రప్పించే దారి వెతికారు. వాళ్లకున్నది కొండలే, వాటినే వాడుకున్నారు. 1983లో వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, కొండల్లో పరుగు పోటీ పెట్టారు. మొదటి ఏడు పరుగెత్తినవాళ్లు 45 మంది, చివరిదాకా చేరింది పది మంది. 1994లో అంత దూరానికే మౌంటెన్ బైక్ పోటీ మొదలుపెట్టారు. తర్వాత అది ప్రపంచంలో పేరున్న పోటీల్లో ఒకటైంది.

ఆ సైకిల్ పోటీ ఎట్లా నడుస్తుందో వినండి. పొద్దున్నే బయల్దేరి కొండలెక్కి, కొలంబైన్ అనే పాత గని దగ్గరిదాకా పోయి, అదే దారిలో వెనక్కి రావాలి. ఆ మలుపు 12 వేల అడుగులకు పైన ఉంటుంది. చివరి ఎక్కుడు దగ్గర చాలామంది సైకిల్ దిగి నెట్టుకుంటూ నడుస్తారు, అదేమీ తప్పు కాదు. పన్నెండు గంటల లోపల చేరిన ప్రతి ఒక్కరికీ బెల్టుకు పెట్టుకునే ఒక బకిల్ ఇస్తారు. మొదట వచ్చినవాడికొక్కడికే కాదు, టైములో చేరిన అందరికీ.

దారి మధ్యలో కొన్ని మజిలీలుంటాయి. అక్కడ జనం నీళ్లు, తిండి పట్టుకుని నిలబడతారు. ఎవరి గొట్టం పగిలినా, చైన్ తెగినా, కళ్లు తిరిగినా చూసుకునేవాళ్లుంటారు. పరుగు పోటీలోనైతే హోప్ పాస్ అనే ఎత్తైన కనుమ మీదికి బండి పోదు. అక్కడికి లామా అనే జంతువుల వీపు మీద సామాను మోయించి మజిలీ పెడతారు.

లామాల సంగతి విన్నప్పుడు మాకు మన లదేణి గుర్తొచ్చింది. మన పెద్దలు ఎద్దుల వీపు మీద ధాన్యం, ఉప్పు వేసుకుని అడవులు, కనుమలు దాటి వందల కిలోమీటర్లు నడిచినవాళ్లు. దక్కన్‌లో నడిచిన సైన్యాలకు తిండి గింజలు మోసింది మన ఎద్దులే. రైలు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మనవాళ్లలో చాలామందికి తిరుగుడే నేరమైంది. కానీ లదేణిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ ఒంటరిగా పోలేదు. ముందు నాయక్, వెంట పిల్లాజెల్లా, ముసలీ ముతకా, తాండా మొత్తం కదిలింది. దూరం పోయే విద్య మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

లెడ్‌విల్ పరుగు పోటీలో మనలాంటి వాళ్ల కథ కూడా ఒకటుంది. మెక్సికో లోయల్లో ఉండే రారామురి ఆదివాసులు 1992లో అక్కడికి వచ్చి మధ్యలోనే ఆగిపోయారు. మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. 1993లో గెలిచింది వాళ్లలో ఒకాయన, విక్టోరియానో చుర్రో. వయసు 55 ఏళ్లు. కాళ్లకున్నవి టైరు ముక్కలతో చేసుకున్న చెప్పులు. ఖరీదైన సామాను లేదని వెనక్కి తగ్గే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే చూడండి. సిరికొండ మండలం పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కింది. ఎక్కిన కాళ్లు ఆమెవే. కానీ వెనక ఒక గురుకుల పాఠశాల ఉంది, భువనగిరి రాతి గుట్ట మీద నేర్పిన శిక్షకులున్నారు, బిడ్డను పంపడానికి ఒప్పుకున్న అమ్మానాన్నలున్నారు. ఆ ఒప్పుకోవడం చిన్న పని కాదు. మేము రోజూ తల్లిదండ్రులతో మాట్లాడేవాళ్లం, మాకు తెలుసు.

ఇప్పుడు మేము అసలు చెప్పాలనుకున్నది. ప్రతి జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు కొన్ని మంచాలు ఖాళీగా ఉంటాయి. ఏమైందని ఫోన్ చేస్తే జవాబులు అవే. చెరుకు కొట్టుడుకు వెంట తీసుకుపోయారు. ఇంట్లో చిన్న తమ్ముణ్ని చూసుకోవాలి. సంబంధం కుదిరింది. పదో తరగతి పాసైన పిల్ల కూడా కాలేజీ దూరం, బస్సు లేదు అని ఆగిపోతుంది. తెలివి లేక కాదు, బలం లేక కాదు. ఆమె దారిలో మజిలీ లేదు, అంతే. నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడినవాళ్లు లేరు.

లెడ్‌విల్ వాళ్లు ఇక్కడే తెలివైన పని చేశారు. పోటీ పేరుతో 2002లో ఒక ఫౌండేషన్ పెట్టారు. అది ఆ ఊరి హైస్కూల్ పూర్తి చేసి పైచదువులకు పోయే పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. ఎవరో కొండెక్కి తొక్కిన సైకిల్ ఒక పిల్ల ఫీజైంది.

మనమూ చేయవచ్చు. ఒక్క పోటీతో బోధన్ ఫ్యాక్టరీ తెరుచుకోదు, దుబాయి పోయినవాళ్లంతా తిరిగి రారు. కానీ ఖాళీ మంచాల్లో నాలుగైనా నిండవచ్చు. దీనికి మేము అడిగేది కొంచెమే.

వానాకాలం మక్కలు ఇంటికొచ్చాక రోజు పెట్టండి. పసుపు చేన్లలోంచి బాట వేయొద్దు, రైతును అడిగి గట్టు మీదుగానే పోవాలి. అడవిలోకి పోయే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. హెల్మెట్ లేనివాళ్లను బయల్దేరనివ్వొద్దు. గేర్ల సైకిల్ లేకున్నా పర్వాలేదు, బ్రేకులు మాత్రం గట్టిగా ఉండాలి. ఆడపిల్లలకు వేరే చిన్న దారి పెట్టొద్దు. అదే దారి, అదే దూరం. టైములో చేరిన అందరికీ ఒకే గుర్తు ఇవ్వండి.

ప్రతి తాండా ఒక మజిలీ కావాలి. నీళ్లు, జొన్న రొట్టె, అరటిపండ్లు, పంక్చర్ సామాను. మా హాస్టల్ పిల్లలకు పంక్చర్ వేయడం, చైన్ ఎక్కించడం నేర్పే పని మాది. ఒక మజిలీ మేమే నడుపుతాం. వచ్చిన డబ్బు లెక్క తాండా ముందు పైసాతో సహా చదవాలి. ఆ డబ్బు పదో తరగతి దాటి చదివే ఆడపిల్లల బస్ పాస్‌కో, ఫీజుకో, సైకిల్‌కో పోవాలి.

తమ్ముళ్లూ, పోటీ ఒక్కరోజు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు మీరే మజిలీ. మీ ఇంట్లో చెల్లెలి చదువు ఆపే మాట వచ్చిన రోజు లేచి, పోనీయండి నాయనా, కాలేజీకి నేను దింపి వస్తా అని చెప్పండి. చెల్లెళ్లూ, ఎక్కుడు దగ్గర దిగి నడవాల్సి వస్తే నడవండి. సైకిల్ మాత్రం వదలొద్దు.

పేర్లు ఇచ్చేవాళ్లు సభ అయ్యాక మా దగ్గరికి రండి. తొక్కేవాళ్లది ఒక జాబితా, నిలబడేవాళ్లది ఒక జాబితా రాసుకుంటాం. రెండోది పెద్దగా ఉండాలని మా కోరిక.

జై సేవాలాల్!