కార్డు లేదని గుమ్మం దగ్గరే ఆగిపోకండి

(విజయవాడలో పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రంలో జరిగిన అవగాహన సమావేశంలో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం)

భోజనాల టైము దగ్గర పడింది, ఎక్కువసేపు ఆపను. ఈ మాటల్నే పీడీఎఫ్ చేసి ఫోన్లలో పంపుతున్నాం. ఫోన్ ఉన్నవాళ్లు బస్టాండులో, రైల్వే స్టేషన్ బయట, వారధి కింద పడుకునే మీ తోటివాళ్లకు చదివి వినిపించండి.

షెల్టర్‌కి రమ్మంటే చాలామంది ముందు అనే మాట, "నా దగ్గర ఆధార్ లేదు సార్" అని. అమ్మా, అయ్యా, ఆధార్ లేదన్న ఒక్క కారణంతో మిమ్మల్ని వెనక్కి పంపడం ఈ పథకం ఉద్దేశానికే విరుద్ధం. గుర్తింపు కార్డులు లేనివారికి వాటిని ఇప్పించడం షెల్టర్ చేయాల్సిన పనుల్లో ఒకటని మార్గదర్శకాల్లోనే ఉంది. ఇప్పించాల్సినదాన్నే గుమ్మం దగ్గర చూపించమంటే ఎలా?

రిజిస్టరులో పేరు మాత్రం రాస్తారు. దానికి భయపడొద్దు. మీరు ఇక్కడ ఉంటున్నారని రేపు ఎవరైనా రాసివ్వాలంటే ఆధారం ఆ పేజీయే. కాబట్టి అసలు పేరే చెప్పండి, ఊరి పేరు కూడా చెప్పండి.

ఇది దయతో పెట్టిన సత్రం కాదు. 2010 జనవరిలో ఢిల్లీ చలిలో రోడ్డు మీద పడుకున్నవాళ్ల ప్రాణాల సంగతి ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ తర్వాత దేశంలోని పెద్ద నగరాలన్నిటిలో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని కోర్టు చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దీన్ని ఒక భాగం చేశారు. మన రాష్ట్రంలో ఆ మిషన్ పనులు చూసింది మెప్మా. మనకు ఢిల్లీ చలి లేదు గానీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ ఉంది, కృష్ణ ఒడ్డున దోమలున్నాయి.

24 గంటలు అన్నమాట గుర్తుపెట్టుకోండి. అందరూ నైట్ షెల్టర్ అంటారు, ఆ పేరే తప్పుదారి పట్టిస్తోంది. రాత్రంతా మార్కెట్లో లారీలు దింపే హమాలీ పడుకునేది పగలే. క్యాటరింగ్ పనికెళ్లే కుర్రాళ్లదీ అదే సంగతి. పొద్దున్నే ఖాళీ చేయమని ఎవరైనా అంటే, ఇది పగలు కూడా నడిచే కేంద్రమని చెప్పండి.

మనిషికి 50 చదరపు అడుగుల చోటు, తాగునీరు, స్నానపు గదులు, మరుగుదొడ్లు, ఉతికిన దుప్పట్లు, వంట చేసుకునే వీలు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. లేనిది ఏదైనా కనిపిస్తే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అధికారిని నేనే చెబుతున్నాను, అర్జీ పడితేనే ఫైలు కదులుతుంది. ఆడవాళ్లు, పిల్లలతో ఉన్నవాళ్లు తమకు విడిగా చోటు ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. తిండికి అన్న క్యాంటీన్ ఉంది, పూటకు 5 రూపాయలు.

ఇక అసలు విషయం, కాగితాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఇళ్లున్నవాళ్ల కాగితాలే కొట్టుకుపోయాయి. రోడ్డు మీద ఉన్నవాళ్ల మూట సంగతి చెప్పేదేముంది!

ఆధార్ ఒకసారి తీయించుకుని పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ కొత్తగా నమోదు చేయించుకోవద్దు. పాత వేలిముద్రలతో సరిపోయి అది తిరస్కరణ అవుతుంది. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతోనే పాత నంబరు తెలుసుకునే వీలుంది. అసలు ఎప్పుడూ తీయించుకోనివాళ్లకు, గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు ఫొటో అంటించి, ఆధార్ సంస్థ నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది. కొత్త నమోదు ఉచితం. పెద్దవాళ్ల విషయంలో అదనపు పరిశీలన ఉంటుంది కాబట్టి ఆలస్యం కావచ్చు. "అయిదొందలు ఇవ్వు, రేపే తెస్తా" అనేవాడిని నమ్మకండి.

పింఛను గురించి అడుగుతారని తెలుసు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు వస్తోంది. కొత్త పింఛను వెంటనే ఇప్పిస్తానని నేను మాటివ్వలేను. కొత్త దరఖాస్తులు ప్రభుత్వం ఎప్పుడు పిలిస్తే అప్పుడే. కానీ మీలో కొందరికి ఊళ్లో పింఛను ఉంది, కొడుకు కోడలితో మాటపడి ఇక్కడికి వచ్చేశారు. వాళ్లు జాగ్రత్త! వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడో నెల కూడా దాటిపోతే నిలిపేస్తారు. ఈలోపు ఊరి సచివాలయంలో చెప్పి పింఛను ఇక్కడికి మార్పించుకోండి. రేషన్ కార్డుకు మార్పిడి కూడా అక్కర్లేదు. ఊళ్లో కార్డు ఉంటే విజయవాడలో ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు.

ఓటుకైతే ఇల్లు కూడా అక్కర్లేదు. ఫారం 6లో మీరు పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి మీరు నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూస్తారు, ఒక రాత్రి కాదు, ఒకటికి మించి. చిరునామా కాగితం అడగకూడదు.

ఇంకొక్కటి. మీ పక్కన తనలో తాను మాట్లాడుకుంటూ, తిండి ధ్యాస లేకుండా తిరిగే మనిషి ఉంటాడు. పిచ్చోడని తరిమేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేనివారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితం, ఏ కార్డూ లేకపోయినా సరే. 112కి ఫోన్ చేయండి. మనసు బాగోలేక మాట్లాడాలనిపిస్తే 14416, ఒంటరి పెద్దవాళ్ల కోసం 14567, పిల్లల కోసం 1098, ఆడవాళ్లకు 181. ఉచిత న్యాయ సహాయానికి 15100.

మెప్మా సిబ్బంది తలుపు దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ఆధార్ లేనివాళ్లు ఒక వరుస, ఊళ్లో పింఛను ఆగిపోయిందన్న అనుమానం ఉన్నవాళ్లు ఇంకో వరుస. పేరు రాయించుకున్నాకే భోజనానికి కూర్చోండి, తిన్నాక నిద్ర వస్తుంది.