తుపాకి గొప్పదా? వేటకాడు గొప్పవాడా?
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేటలో ముఖ్యమైనది వెలగల తుపాకియా, వేటకాని నేర్పా అను ప్రశ్నను నేడు మీ యెదుట ఉంచుచున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప మన దేశమున వేట దాదాపు నిషిద్ధమైనది. కనుక ఇది వేట నేర్పు ప్రసంగము కాదు. పనివానికిని పనిముట్టునకును గల సంబంధము వేటలో తేటగా కనబడును గనుక దీనిని ఎన్నుకొంటిని.

నేటి ఉత్తరాఖండములోని కుమాయూను కొండలలో పెరిగిన జిమ్ కార్బెట్టు పేరు మీలో పలువురు వినియుందురు. బాల్యమున ఆయనకు దొరికిన జోడుగొట్టముల తుపాకిలో ఒక గొట్టము పగిలినది. కొయ్యను గొట్టములను ఇత్తడి తీగతో చుట్టి బిగించిరి. దానితోనే ఆయన అడవిలో తిరిగెను. అడుగుజాడలు చదువుట, జింక కూతకును కొండముచ్చు కేకకును అర్థము తెలిసికొనుట ఆ అడవిలోనే నేర్చెను. ఆ విద్య ఏ అంగడిలోను దొరకదు.

1907లో ఆయన చంపావతు ఆడపులిని ఎదుర్కొనెను. అది 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. తహశీల్దారు సుమారు 300 మంది గ్రామస్థులను కూర్చి, డప్పులతో కేకలతో కొండపైనుండి పులిని తోలించెను. కార్బెట్టు తెచ్చుకొన్న గుండ్లు మూడే. అవి అయిపోయినను పులి బ్రతికియే యున్నది. పరుగున పోయి తహశీల్దారు తుపాకిని తెచ్చి చూడగా, దాని గొట్టములకును వెనుక భాగమునకును నడుమ సందు కనబడెను. అయినను పులి నోటికి గురిపెట్టి కాల్చెను. గుండు పంజాకు తగిలెను. వెనుకటి గాయముల వలననే పులి మరణించెను.

కావున పరికరముతో పనిలేదని నేననను. ఓటి తుపాకి ఎంతటి నేర్పరినైనను మోసగించును. పనిముట్టు నమ్మదగినది కావలెను, వెలగలది కానక్కరలేదు. ఈ సాహసమును మెచ్చి ఆనాటి లెఫ్టినెంటు గవర్నరు కార్బెట్టునకు మేలైన రిగ్బీ రైఫిలును బహూకరించెను. మంచి తుపాకి నేర్పు వెంట వచ్చినది. నేర్పు తుపాకి వెంట రాలేదు.

అసలు సంగతి మరియొకటి కలదు. చచ్చిన పులి నోరు చూడగా కుడివైపు కోరలు రెండును విరిగియుండెను. పైది సగమునకు, క్రిందిది ఎముక వరకు పోయినది. అది పూర్వమెవరో కాల్చిన గుండు దెబ్బ. అందుచేతనే అది సహజమైన ఆహారమును వేటాడలేక మనుష్యులపై పడినదని కార్బెట్టు నిర్ణయించెను. ఆ కాల్చినవాని చేతిలోను తుపాకి యున్నది. గురి మాత్రము తప్పినది. ఆ తప్పిన గురికి మూల్యము చెల్లించినది అతడు కాదు, కట్టెలకును ఆకులకును అడవికి పోయిన పేద స్త్రీలు.

ఆడలేనమ్మ మద్దెల ఓటిదన్నదని మన సామెత. క్రొత్త మద్దెల కొన్నంతమాత్రమున ఆట రాదనుటయు అంతే నిజము. నేడు మన పల్లెలకు ట్రాక్టర్లు వచ్చినవి, మందుకొట్టు యంత్రములు వచ్చినవి. మందు పాళ్ళు తెలియనివాని చేతి యంత్రము వానికే గాక, ఇరుగుపొరుగు చేలకును చేటు తెచ్చును. నేర్పులేని బలమునకు ఎల్లప్పుడును ఇతరులే బలియగుదురు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము మనకు పుస్తకములను అందించుచున్నది. బీరువాలు నిండుటతో పని తీరదు. చదివినది చేతికి నేర్పుగా, మనసునకు వివేకముగా మారినప్పుడే ఈ రజతోత్సవము సార్థకమగును.