పేరు పాటలోనే ఉంది, రికార్డు మీద లేదు

(శ్రీ విజయపురం – పాత పేరు పోర్ట్ బ్లెయిర్ – లో తెలుగు యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం హిప్‌హాప్. వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళకి ఇదేం గోలరా అనిపించొచ్చు. కాస్త ఓపిక పట్టండి, మీ పాటల దగ్గరికి కూడా వస్తాను. ముందు వరసలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు రీల్స్‌లో రోజూ ర్యాప్ వింటారు, కొందరు రాస్తున్నారు కూడా. పొద్దున మీలో ఇద్దరితో మాట్లాడాను. 1980ల నాటి పాట ఒకటి వినిపిస్తే, "అన్నా, ఇది చిన్నపిల్లల రైమ్‌లాగా ఉంది" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇవాళ మాట్లాడతాను.

తప్పు పట్టడం లేదు. ఈ దీవులకి పాట ఎలా వచ్చేదో గుర్తు తెచ్చుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. అంతకు ముందు శాటిలైట్ నెట్. ఒక్క పాట దిగాలంటే రాత్రంతా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఇంకా ముందైతే పాట ఓడలో వచ్చేది. విశాఖ నుంచి వచ్చేవాళ్ళ సంచిలో క్యాసెట్, తర్వాత మెమరీ కార్డు. తెచ్చినవాడిని నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళు: ఇది ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ ఊరోడు అని. కేబుల్ వచ్చాక పాట వచ్చింది, ఆ ప్రశ్నలు ఓడలోనే ఉండిపోయాయి. ఫోన్‌కి నిన్న వచ్చిన పాట ముఖ్యం. నలభై ఏళ్ళ కిందటిది ఎవరు చేశారో చెబితే దానికి పైసా రాదు.

అందుకని నేను చెబుతాను.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేటలో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్. బడులు తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి కింది హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టికెట్. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకాలో పుట్టి పన్నెండేళ్ళప్పుడు న్యూయార్క్ వచ్చిన కుర్రాడు. లోకానికి డీజే కూల్ హెర్క్. ఆ పార్టీనే హిప్‌హాప్ పుట్టినరోజు అంటారు. అందరూ హెర్క్ పేరు చెబుతారు, పార్టీ పెట్టిన సిండీ పేరు సగం మంది చెప్పరు. మైకు పట్టుకుని జనాన్ని ఉత్సాహపరిచిన స్నేహితుడు కోక్ లా రాక్ పేరు అసలే చెప్పరు.

హెర్క్ చేసిన పని ఏమిటి? పాట మధ్యలో గొంతూ మిగతా వాయిద్యాలూ ఆగిపోయి డ్రమ్ము ఒక్కటే మోగే కొన్ని సెకన్లు ఉంటాయి. దాన్ని బ్రేక్ అంటారు. డాన్సర్లు ఆ సెకన్ల కోసం కాచుకుని ఉంటారని ఆయన గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఇది అయిపోగానే అది, అది అయిపోగానే ఇది తిప్పి, ఆ కొద్ది సెకన్లని నిమిషాలకి సాగదీశాడు. మన ఊరేగింపులో సన్నాయి ఆగి డప్పు ఒక్కటే మోగినప్పుడు జనం ఊగిపోతారు చూడండి, అదే సంగతి. మనూళ్ళో డప్పు కొట్టినవాడి పేరు కూడా ఎవరూ అడగరు, అది వేరే విషయం. కాదులెండి, అదే విషయం.

ఆ బ్రాంక్స్ ఎలాంటిదో తెలిస్తే గానీ ఇది అర్థం కాదు. పేట మధ్యలోంచి పెద్ద హైవే వేసి వేల కుటుంబాలని లేపేశారు. ఇన్సూరెన్స్ డబ్బుల కోసం యజమానులు సొంత బిల్డింగులకే నిప్పు పెట్టించిన కాలం. వాయిద్యం కొనే డబ్బు లేని పిల్లలు రికార్డు ప్లేయర్‌నే వాయిద్యం చేశారు. సరిగ్గా దానికి ఒక ఏడాది ముందు, 1972లో, బొంబాయిలో మన కుర్రాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్స్ పెట్టారు. ఆ రెండు వాడల మధ్య చూపు అంతకన్నా పాతది. బాబాసాహెబ్ 1946లోనే నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు, డుబాయిస్ జవాబు ఇచ్చారు. మీరు ర్యాప్ వింటే "పరాయి సంస్కృతి" అని ఎవరైనా అంటే ఈ తేదీలు చెప్పండి.

ఇప్పుడు అసలు కథ. 1979లో 'రాపర్స్ డిలైట్' అనే రికార్డు వచ్చింది. ప్రపంచం మొత్తం ర్యాప్ అనే మాట విన్నది దానివల్లే. పాడింది షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ముగ్గురు. అందులో బిగ్ బ్యాంక్ హాంక్ అనే ఆయన పిజ్జా కొట్టులో పనిచేసేవాడు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే అసలైన ఎంసీకి మేనేజర్‌గా ఉండేవాడు. రికార్డింగ్ అవకాశం రాగానే కాజ్ దగ్గరికి వెళ్ళి అతని రైముల పుస్తకం అడిగి తీసుకున్నాడు. అందులో ఉన్నది ఉన్నట్టు పాడేశాడు. ఎంత ఉన్నది ఉన్నట్టు అంటే, కాజ్ అప్పట్లో తనని తాను కాసనోవా ఫ్లై అనుకునేవాడు, ఆ పేరుని అక్షరం అక్షరం విడదీసి రాసుకున్న చరణం ఉంది. హాంక్ ఆ అక్షరాలు కూడా మార్చకుండా పాడాడు! లక్షల రికార్డులు అమ్ముడుపోయాయి. ప్రతి రికార్డులోనూ అసలు రాసినవాడి పేరు వినిపిస్తుంది. కవరు మీద మాత్రం లేదు. డబ్బూ ఇవ్వలేదు.

ఇందులో ఇంకో మెలిక. ఆ పాట కింద మోగే సంగీతం షిక్ అనే బ్యాండ్ పాటది. వాళ్ళు కూడా నల్లవాళ్ళే, కానీ పేరున్నవాళ్ళు, కోర్టుకి వెళ్తామని అనగలిగినవాళ్ళు. వాళ్ళ పేర్లు రచయితలుగా ఎక్కాయి. పేటలో నోటుబుక్ ఉన్నవాడికి వకీలు లేడు. పుస్తకం ఇచ్చినవాడి అమాయకత్వం అని కొందరు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. తన మాటకి ధర ఉంటుందని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

1982లో 'ది మెసేజ్' వచ్చింది. పేదపేట బతుకుని ర్యాప్‌లోకి గట్టిగా తెచ్చిన రికార్డు అది. కవరు మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరు. ఫ్లాష్ గొప్ప డీజే, సందేహం లేదు. కానీ ఆ పాటలో ర్యాప్ చేసింది ఆయన కాదు. రాసిందీ పాడిందీ ప్రధానంగా మెలీ మెల్, డ్యూక్ బూటీ. డ్యూక్ బూటీ తర్వాత పాఠాలు చెప్పుకునే పంతులయ్యాడు. 2021లో చనిపోయాడు. మీకు తెలిసిన 'వీధి బతుకు' ర్యాప్ అంతా ఆ ఇద్దరు తీసిన దారిలోదే.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఫంకీ ఫోర్ ప్లస్ వన్ అని ఒక బృందం ఉండేది. ఆ ప్లస్ వన్ షా రాక్ అనే అమ్మాయి. 1981 ఫిబ్రవరిలో అమెరికా మొత్తం చూసే 'సాటర్డే నైట్ లైవ్' అనే టీవీ కార్యక్రమంలో ఈ బృందం పాడింది. అప్పటికి రన్ డీఎంసీ మొదటి రికార్డు కూడా రాలేదు. మైకు పట్టిన మొదటి ఆడ ఎంసీల్లో ఒకరిని బృందం పేరులోనే "ప్లస్" గుర్తు తర్వాత పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మన సభల పోస్టర్లు గుర్తొస్తాయి. అంతకంటే చెప్పను.

తర్వాత 1984లో, మగాళ్ళ బృందం ఒకటి, తమని పట్టించుకోని రాక్సాన్ అనే అమ్మాయిని వెక్కిరిస్తూ పాట చేసింది. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ కాలనీలో ఉండే పద్నాలుగేళ్ళ పిల్ల ఆ రాక్సాన్ తరఫున జవాబు పాడింది. రాక్సాన్ శాంటే. బట్టలుతకడానికి వెళ్తుంటే మధ్యలో పిలిచి రికార్డు చేశారని చెప్పుకుంటారు. దాని మీద ఇంకా ఎందరో జవాబులు పాడారు. జవాబు పాట అనేది హిప్‌హాప్‌లో ఒక సంప్రదాయం అయింది.

వెనక వరసలో ఉన్న పెద్దలారా, ఇక్కడ మనం ఇంటికి వెళ్దాం. జవాబు పాట మనకి అంతకంటే అరవై ఏళ్ళ ముందే ఉంది. 1920ల మొదట్లో, తెల్లదొరతనం వద్దని పాట రాసి గరిమెళ్ళ సత్యనారాయణ జైలుకి వెళ్ళారు. ఆయన శ్రీకాకుళం జిల్లా మనిషి, ఇక్కడ చాలామంది ఇళ్ళ మూలం ఆ వైపే. ఆ పాట మనం బడిలో చదివాం. ఆ రోజుల్లోనే రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న అనే దళిత కవి ఒక్క మాట మార్చి జవాబు ఇచ్చారు: 'మాకొద్దీ నల్లదొరతనము'. తెల్లవాడు పోతే మా మీద కూర్చునేది ఎవరు అని అడిగిన పాట. అంబేడ్కర్ ఆ ప్రశ్నను దేశం ముందు పెట్టడానికి చాలా ముందే తెలుగులో ఒక వైద్యుడు పాటగా అడిగేశాడు. బడిలో మొదటి పాట చెప్పారు, జవాబు చెప్పలేదు. రాక్సాన్ శాంటేని తీసేసి ఆ మగాళ్ళ పాట ఒక్కటే చరిత్ర అన్నట్టు!

గూడ అంజయ్య గారి 'ఊరు మనదిరా' ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఈ హాల్లోనే అడిగితే సగం మంది గద్దర్ రాశారంటారు. గద్దరన్న గొంతు పెద్దది, ఆయన మీద ఫిర్యాదు లేదు. పాట అంజయ్యది. ఆయన 2016లో పోయారు. 'శ్రీరాములయ్య' సినిమాలో కంటతడి పెట్టించే పాట, కర్మభూమిలో పూసిన పువ్వు పాట, పెళ్ళిళ్ళ బస్సుల్లో కూడా మోగింది. రాసింది కలేకూరి ప్రసాద్. దళిత ఉద్యమ కవి, 2013లో పోయారు. ఆ పాట తెలిసినంతమందికి ఆయన తెలియదు. ర్యాప్ రాసే తమ్ముళ్ళు బీటు మీద మాట ఎలా కూర్చోవాలో తెలుసుకోవాలంటే అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, ముందు ఈ ఇద్దరిని వినండి.

ఇదంతా పాతకాలం, ఇప్పుడు ఇంటర్నెట్ ఉంది, ఎవరి పేరూ ఎవరూ మింగలేరు అంటారా? 2018 జనవరిలో చెన్నైలో కాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటి కచేరీ చేసింది. పా. రంజిత్, తెన్మా కలిసి గానా పాటగాళ్ళనీ ర్యాపర్లనీ ఒక వేదిక ఎక్కించారు. అయోతీదాసు పండితర్ మాటలోంచి వచ్చిన పేరది. అందులోంచి వచ్చినవాడే అరివు. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' ఎంత మోగిందో మీకు చెప్పక్కర్లేదు. మాటలు అరివువి. అందులో ఉన్నది శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన అతని నాయనమ్మ తరం కథ. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ఆ పాటని చెప్పుకుంటూ కవరు వేసింది, వేరే ఇద్దరు కళాకారులున్నారు, అరివు లేడు. రంజిత్ గట్టిగా అడిగాక, జనం గోల చేశాక, అరివుకి వేరే డిజిటల్ కవరు వచ్చింది. అంటే నలభై రెండేళ్ళలో ఒక మార్పు వచ్చింది. కాజ్ కోసం అప్పుడు గోల చేసినవాళ్ళు లేరు. అరివు కోసం ఉన్నారు.

ఆ నాయనమ్మ కథ మనకి దూరం కూడా కాదు. శ్రీలంక తోటల నుంచి తిరిగొచ్చిన కుటుంబాల్ని రబ్బరు తోట పనికి మన కచ్చాల్ దీవిలో దింపారు. ఆ పాటలో ఉన్న మనుషులు ఇక్కడి నుంచి ఒక ఓడ ప్రయాణం దూరంలో ఉన్నారు. వాళ్ళ పాటలు రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఫోన్ ఉంది కదా మీ చేతిలో, రికార్డు బటన్ ఉంది.

పేరు లేకపోవడం అంటే ఏమిటో ఈ దీవుల్లో మనకంటే ఎవరికి తెలుసు. 2011 జనగణనలో ఇక్కడ ప్రతి వంద మందిలో పదమూడు మంది దాకా తెలుగు మాతృభాషగా చెప్పారు. అదే జనగణనలో అండమాన్ నికోబార్ షెడ్యూల్డ్ కులాల గడి చూడండి: సున్నా. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఎస్సీ జాబితా నోటిఫై కాలేదు కాబట్టి సున్నా. ఓడ దిగినప్పుడు కులం సముద్రంలో పడిపోయిందా? పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు దొరుకుతుంది కదా! సర్టిఫికెట్ దగ్గర మాత్రం దొరకదు. సొంత రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్ళిన చోటికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనా తెలుగువాడే. ఈ సున్నా మీద ఇంతవరకూ నేను ఒక్క ర్యాప్ వినలేదు. మీరు ఏ బీటు మీదైనా రాయండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మూలపురుషుల్ని తలుచుకోవడం అంటే దండలు వేయడం అనుకోవద్దు. ఆఫ్రికా బంబాటా పేరు లేకుండా హిప్‌హాప్ చరిత్ర రాయలేం. చిన్నప్పుడు తమ మీద లైంగిక దాడి చేశాడని 2016 నుంచి పలువురు ఆయన మీద ఆరోపించారు, ఆయన కాదన్నాడు. ఆ రెండూ చెప్పి మరీ ఆయన సంగీతం గురించి మాట్లాడాలి. రాజకీయాల్లో భక్తి పతనానికి దారి అని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చెప్పిన మాట పాటలకీ వర్తిస్తుంది. భక్తుడు ఎటూ పాట సరిగ్గా వినడు.

చివరగా, ఆ "చిన్నపిల్లల రైమ్" మాట. నిజమే, 1979 ర్యాప్ ఇప్పటి చెవికి తేలిగ్గా ఉంటుంది. ప్రాస లైను చివర పడుతుంది, వేగం తక్కువ. అది గదిలో హెడ్‌ఫోన్‌తో వినడానికి చేసింది కాదు. పార్కులో, వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాక్కుని, వందల మంది ఎగురుతుంటే అందరికీ అందేలా చేసింది. మన దండోరా వేసేవాడు మెలికలు తిప్పి చెబుతాడా? అలా వినండి, మొదటిసారి నచ్చకపోతే డ్రమ్ము ఒక్కటే వినండి. ఇంకో మాట, హెర్క్ దాదాపు రికార్డులే చేయలేదు. 2011లో జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చులకి ఇన్సూరెన్స్ లేక జనాన్ని సాయం అడగాల్సి వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని 2023లో పిలిచింది, పార్టీ జరిగిన యాభై ఏళ్ళకి.

సౌండ్ తమ్ముడు టైమ్ అయిందని సైగ చేస్తున్నాడు. ఇప్పుడు ఆరు పాటలు వేస్తాం. షా రాక్ ఉన్న బృందం పాట ముందు, తర్వాత శాంటే, తర్వాత 'ది మెసేజ్', ఆ తర్వాత అంజయ్య, కలేకూరి, ఆఖరున అరివు. ప్రతి పాటకి ముందు రాసినవాళ్ళ పేరు మైకులో చెప్పే పని ముందు వరసలో ఉన్న చెల్లెలు తీసుకుంది. కుర్చీలు పక్కకి జరపండి, పెద్దవాళ్ళకి మాత్రం వదిలేయండి.

జై భీమ్.