పాత మోటారుకారు పైరంగు

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు అచ్చట నిలిపియుంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియే యుందురు. దానికి పై దేహమును కట్టినది లండనులోని బార్కర్ కంపెనీ. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దానిని తనకొఱకు చేయింప నుత్తరువిచ్చెను గాని, 1911 ఆగష్టు మాసమున మరణించుటచే అది ఆయన కుమారుడగు ఉస్మాన్ అలీఖానునకు చెందినది. చూడవచ్చిన వారందఱును సింహాసనమువలె ఎత్తుగా నమర్చిన వెనుక ఆసనమును చూచుచుందురు. మేము మాత్రము ఆ పసుపురంగునే చూచుచు నిలిచిపోయితిమి. అది ఆసఫ్‌జాహీల పతాకవర్ణము. కారునకు ఇంజనే ప్రాణమందురు, కావచ్చును. అయినను మనుష్యుని ముఖము చూచి గుర్తింతుము గాని గుండె చూచి కాదు గదా!

ఆ తొలినాళ్లలో కార్లకు రంగు వేయు పద్ధతి గుఱ్ఱపుబండ్లకు రంగు వేయు పద్ధతియే. నూనెరంగును కుంచెతో పూయుట, ఆరనిచ్చుట, ప్యూమిసు రాతిపొడితో నునుపు చేయుట, మరల పూయుట; కడపట వార్నిషు. ఒక బండికి వారములు పట్టెడిది. ఫోర్డు కంపెనీవారి టి మోడలు కారు ఎప్పుడును నల్లరంగులోనే వచ్చెడిదని పలువురు చెప్పుదురు. ఇది పొరపాటు. 1908 లో మొదలైన ఆ కారు 1914 మొదలు 1925 వఱకు మాత్రమే కేవలము నల్లరంగులో వచ్చినది. అంతకుముందును, ఆ తరువాతను వేఱు రంగులు కలవు.

1923 లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీవారు, జనరల్ మోటార్సువారు కలిసి ‘డ్యూకో’ అను క్రొత్తరంగును కార్లపైకి తెచ్చిరి. ఓక్లండు అను కారునకు నీలవర్ణముతో దానిని మొదట వేసిరి. ఇది నైట్రోసెల్యులోజు రంగు. తుపాకిమందులో వాడు దూదికిని, వెనుకటి సినిమాఫిలిమునకును ఇది దగ్గఱి చుట్టము. నిప్పు తగిలిన భగ్గున మండును. కుంచెకు బదులు గాలితో చిమ్మిన కొన్ని గంటలలో ఆరిపోవును. ఆ పేరు మన ఊళ్లలో ఎంతగా నాటుకొన్నదనగా, డ్యూకో డబ్బాను ఎన్నడును చూడని మేస్త్రీ సైతము తనను ‘డ్యూకో పెయింటరు’ననియే చెప్పుకొనును.

ఈ రంగునకు రెండు గుణములు కలవు. ఎన్ని యేండ్లు గడచినను తిన్నరు తగిలినచో కరగును. వేడి తగిలినచో మెత్తబడును. ఇప్పటి కార్లకు రంగుపైన పారదర్శకమైన వేఱొక పొర యుండును. రుద్దినప్పుడు అరుగునది ఆ పొర. డ్యూకోకు అట్టి కవచము లేదు. రుద్దినకొలదిని రంగే గుడ్డకు అంటివచ్చును. ఈ మాట తెలియక మేమొకసారి చేసినదానిని ఈనాడు చెప్పదలచినాము. తెలియకకాదు, తెలిసియే తొందరపడితిమి.

గోదావరి తీరమున నొక పాతయింటి కొట్టములో 1947 నాటి బ్యూయిక్ కారు ముప్పదియేండ్లకు పైగా నిలిచియుండెను. అది ముదురు ఆకుపచ్చ కారు. అట్టివి మన ప్రాంతమున వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కూతురు పెండ్లికి దానిని తీయవలెనని యజమాని సంకల్పము. రెండు మాసముల గడువు. ఊరి పెయింటరు, “రేకు వఱకు గీకి, లప్పము పెట్టి, క్రొత్తరంగు కొట్టెదను, పది దినములలో అద్దమువలె నుండును” అని అప్పటికే మాట యిచ్చెను. ఆతడు చేయలేడని మేమనము, చేయగలడు. కాని గీకిన తరువాత మిగులునది 1947 నాటి కారు ఆకారము మాత్రమే. తలుపుపైన యజమాని తాతగారి పేరులోని పొడి అక్షరములను ఎవరో బోర్డులు వ్రాయు చిత్రకారుడు బంగారురంగుతో వ్రాసియుండెను. ఆ అక్షరములును చెత్తలోనికే పోవును. పాతవాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2013 లో ప్రకటించిన టురిన్ పత్రము సైతము, ఉన్నదానిని నిలుపుటకే మొదటి స్థానమిచ్చినది. ఇదంతయు చెప్పగా యజమాని, “ఏమండీ, పెండ్లికొడుకు ముసలి చొక్కాతో వచ్చునా?” అని నవ్వెను. ఒక్క తలుపు మాకిచ్చి చూడుడని వేడుకొంటిమి.

మొదట చేయవలసినది చూచుట. రంగు మందమును కొలచు చిన్న యంత్రము నేడు దొరకుచున్నది, మైక్రానులలో చెప్పును. తలవెండ్రుక మందము ఇంచుమించు డెబ్బది మైక్రానులు. ఆ కారు పైకప్పున 110, బానెట్టు నడుమ 80, బానెట్టు మధ్యరేఖపైన 45 అని వచ్చినది. వెనుక మడ్‌గార్డు ఒకటి 400 చూపెను. అనగా ఎప్పుడో దెబ్బతిని లప్పముతో పూడ్చినారన్నమాట. ఆ సంగతి యజమానికే తెలియదు. తరువాత తలుపు లోపలి అంచున, ఎవరికిని కనబడనిచోట, తిన్నరులో తడిపిన గుడ్డతో తాకితిమి. ఆకుపచ్చ కరగి గుడ్డకు వచ్చెను. అది అసలు రంగే యని తేలినది.

తరువాత స్నానము. ధూళిని పొడిగుడ్డతో తుడుచుటకంటె అపచారము లేదు. ఇసుకరేణువులు గీతలు గీయును. నీటిని సన్నగా పారించి ధూళిని తేల్చివేయవలెను. పిమ్మట క్షారములేని సబ్బు, రెండు బక్కెట్లు: ఒకటి సబ్బునీటికి, రెండవది గుడ్డను జాడించుటకు. మన డ్రైవర్లలో కొందఱు కిరసనాయిలు గుడ్డతో మెఱుగుపెట్టుదురు. ఆ మెఱుగు సాయంకాలమునకు ధూళిని పిలుచును. పావురాల రెట్టలు పడినచోట్ల గోకరాదు. తడిగుడ్డ కప్పి, నానిన పిదప ఎత్తవలెను. అయినను వాని క్రింద రంగు కొంత తినివేయబడియే యుండెను.

అక్కడినుండి మెఱుగు. సున్నమువలె తెల్లబాఱిన పైపొరకు మొదట నూనె పాలు హెచ్చుగానున్న పాలిషును పట్టించి, ఒక రాత్రి అట్లే వదలితిమి. ఎండిన తోలునకు నూనె పట్టించినట్లే యిదియును. మరునాడు మిక్కిలి సన్నని కాంపౌండుతో, చేతితో, జానెడు జానెడుగా రుద్దితిమి. గుడ్డ పచ్చనాయెను. తలుపులో మొదట మా చేయి, తరువాత ఆకాశము కనబడెను. బంగారు అక్షరముల చుట్టును కాగితపు టేపు అంటించితిమి. ఆ టేపునైనను ముందు చొక్కాకు రెండుమార్లు అంటించి, జిగురు చచ్చిన పిదపనే వాడవలెను. లేనిచో ఊడదీయునప్పుడు రంగును వెంటబెట్టుకొని వచ్చును. సిలికోను కలిసిన పాలిషులను దగ్గఱకు రానీయలేదు. రేపెవరైన ఆచోట రంగు వేయవలసివచ్చిన అది అంటక చేపకన్నులవలె గుంటలుపడును.

యజమాని వచ్చి తలుపును చూచెను. చాలసేపు మాటాడలేదు. పెయింటరునకు కబురు పంపి వలదనెను.

పెండ్లి ఇక పండ్రెండు దినములున్నది. మిగిలిన భాగమంతయు చేతితోనే చేసితిమి గాని బానెట్టు కడకు వచ్చునప్పటికి చేతులు పడిపోయినవి. విద్యుత్తుతో తిరుగు బఫింగు యంత్రమును తీసితిమి. చదునుచోట్ల బాగుగనే సాగినది. మధ్యరేఖ దగ్గఱ 45 మైక్రానులే యని మా పుస్తకములో మా చేతివ్రాతతోనే యున్నది. అయినను ఒక్క క్షణము యంత్రము అంచుపైకి జాఱెను. వేడికి రంగు మెత్తబడి, చింతగింజంతచోట ఆకుపచ్చ పోయి బూడిదరంగు ప్రైమరు బయటపడెను. డెబ్బదియేండ్లకు పైగా ఎండలు, వానలు, పావురములు చేయలేనిపనిని మేము ఒక్క ఊపిరిలో చేసితిమి.

దాచుట సులభమే, ఆకుపచ్చ మైనము పూసిన పెండ్లినాటికి ఎవరికిని తెలియదు. యజమానిని పిలిచి చూపితిమి. ఆయన ఆ మచ్చపై వ్రేలుంచి, “ఇక్కడనేనండీ, మా నాయనగారు చేయి ఆనించి నిలబడి అందఱితో మాటాడెడివారు” అనెను. అచ్చట రంగు అంత పలుచబడుటకు కారణము మాకప్పుడు తెలిసినది. కోపపడినను బాగుండెడిది.

ఎన్.సి. రంగు మనదేశమున నేటికిని దొరకుచున్నది. పాత రంగుతో పోల్చి, కలిపి, సన్నని కుంచెమొనతో చుక్కలు చుక్కలుగా, దినమునకు రెండు పూతలుగా ఆ మచ్చలో నింపితిమి. తిన్నరు పాత పొరను కొంచెము కరగించి రెంటిని ఒకటిగా కలుపును. ఈ రంగులోని దౌర్బల్యమే ఇక్కడ మేలైనది. కాని నింపినది కొన్ని వారములు క్రుంగుచునేయుండును. అంతవఱకు నునుపు చేయరాదు. కనుక పెండ్లినాడు ఆ చుక్క కొంచెము ఉబ్బెత్తుగా, పుట్టుమచ్చవలె నుండెను. తేనెమైనము, బ్రెజిలు దేశపు కార్నబా మైనము కలిసిన పూత నొకటి పలుచగా వేసి కారును అప్పగించితిమి. చుక్కను నునుపు చేయుటకు మూడు మాసముల తరువాత మరల పోయితిమి. ఎండలో ఒక ప్రక్కనుండి చూచిన నేటికిని కనబడును.

మన ప్రభుత్వము 2021 లో చేసిన నిబంధనల ప్రకారము ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని వాహనములను వింటేజి వాహనములుగా ప్రత్యేకముగ నమోదు చేయించుకొనవచ్చును. యజమాని ఆ పనిలో నున్నాడు. మొన్న వానలు మొదలైనప్పుడు ఫోనుచేసి, కారుపై ప్లాస్టిక్ పట్టా కప్పవచ్చునా యని యడిగెను. వలదని చెప్పితిమి. ప్లాస్టిక్ క్రింద చెమ్మ నిలిచి రంగు పొక్కును. పలుచని నూలుదుప్పటి కప్పి, కొట్టము కిటికీలు తెఱచియుంచిన చాలును. పావురములు రాకుండ కిటికీలకు వల మాత్రము కట్టించుమంటిమి.