కుక్కపిల్లకు కడుపు చెడినప్పుడు
(తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాల బాలబాలికలు పలువురు వీధిని దొరికిన కుక్కపిల్లలను ఇంటికి తెచ్చి పెంచుచున్నారు. ప్రాణులయెడ దయ మంచి గుణము. మేము దానిని వారింపము. కాని ఆ పిల్లకు వాంతులో విరేచనములో పట్టినపుడు, “కుక్కకేమి, అదే కుదురుకొనును” అని పెద్దలు ఊరకుందురు. రెండుమూడు దినములలో అది చనిపోవును. ఆ బిడ్డ అన్నము మాని, కన్నీళ్లతో బడికి వచ్చుట మేము పలుమారులు చూచితిమి. అందుచేత నేడు ఈ విషయము ముచ్చటింప దలచితిమి.

పెద్ద కుక్క ఒక దినము తిండిలేక ఓర్చుకొనగలదు, పిల్ల ఓర్చుకొనలేదు. దాని చిన్న దేహమున నీరును, బలమును నిలువ తక్కువ. వాంతులు, విరేచనములు ఆగనిచో కొన్ని గంటలలోనే సోలిపోవును.

ముఖ్య కారణములు మూడు. మొదటిది ఆహారము. ఆవుపాలు చాల పిల్లలకు అరుగవు. కారపు కూరన్నము, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాకొలెట్టు కీడు చేయును. రెండవది ఏలికపాములు. ఇవి తల్లి గర్భమునుండియు, పాలనుండియు సంక్రమించును. కావున రెండవ వారమునుండి ఎనిమిదవ వారమువరకు రెండు వారముల కొకమారు వైద్యుడు చెప్పిన మందు వేయవలెను. వీని గ్రుడ్లు మట్టిద్వారా మన బిడ్డలకును సోకగలవు. పిల్లను తాకిన చేతులు సబ్బుతో కడుగుకొనుట నేర్పుడు. మూడవది పార్వో వ్యాధి. 1978 ప్రాంతమున లోకమునకు తెలియవచ్చిన ఈ అంటువ్యాధి టీకా లేని పిల్లలను త్వరగా చంపును. టీకాలు 6 - 8 వారముల ప్రాయమున మొదలిడి, 16 వారములు నిండువరకు వైద్యుడు చెప్పిన గడువులలో వేయించవలెను.

టీకాలు పడిన పిల్లకు ఒకటి రెండుమారులు మాత్రమే పలుచగా విరేచనమై, వాంతి లేక, అది ఆడుచు నీరు త్రాగుచున్నచో ఒక దినము కనిపెట్టి చూడవచ్చును. పస్తు పెట్టరాదు. ఉప్పుకారములు లేని మెత్తని అన్నమును, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసమును కొంచెము కొంచెముగా పెట్టుడు. మరునాటికి కుదురనిచో వైద్యునికి చూపుడు.

రక్తము కనబడినను, వాంతులు మరల మరల అయినను, త్రాగిన నీరు నిలువకున్నను, పొట్ట ఉబ్బినను, చిగుళ్లు పాలిపోయినను, పిలిచినను లేవకున్నను, విషమైన దేదైన మ్రింగినను, టీకాలు పడనిదైనను ఒక పూటయు ఆగరాదు. మనుష్యుల జ్వరపు మాత్రలు, నొప్పి మాత్రలు ఎన్నడును ఇయ్యరాదు. అవి ప్రాణాంతకములు కావచ్చును.

మన హోసూరు ప్రాంతమున ప్రభుత్వ పశువైద్యశాల బోర్డుపై “కాల్నడై మరుత్తువమనై” అని తమిళమున నుండును. అది ఆవులకు, మేకలకే యని కొందరి తలంపు. అక్కడ కుక్కలకును చికిత్స చేయుదురు.

పిల్ల యొక్క మార్పును మొదట గనునది మీ బిడ్డయే. అది ఏమి తిన్నది, ఎన్నిమారులు వాంతి యైనది, విరేచనము ఏ రంగున నున్నది, ఏ టీకాలు పడినవి - ఈ నాలుగును తెలుగున ఒక చీటిపై వ్రాయ మనుడు. దానిని చూచి వైద్యునికి తమిళమున మీరు చెప్పవచ్చును. బిడ్డ వచ్చి “నాన్నా, కుక్కపిల్ల లేచుట లేదు” అనిన నాడు, చేతిపని యాపి ఆ మాట వినుడని మా విన్నపము.