పెద్దల పాదములు తొట్రిల్లకుండ



గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ఒక అవ్వగారు నాతో మెల్లగా అన్నారు: "అయ్యగారూ, మొన్న రాత్రి దొడ్డిలో పడ్డాను. మా అబ్బాయికి చెప్పకండి. ఇక నన్ను గడప దాటనివ్వడు."

ఈ భయమే పెద్దలను మరల పడవేయుచున్నది. పడినవారు భయపడి కూర్చుండిపోవుదురు. కూర్చున్న కాళ్ళకు సత్తువ తగ్గును. సత్తువ తగ్గినవారు మరల పడుదురు. అయితే ఇది ముసలితనపు వ్రాత కాదు. 2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారము, వ్యాయామము వలన పెద్దలు పడుట నూటికి 23 వంతులు తగ్గెను. గట్టి కుర్చీలోనుండి లేచి నిలుచుట, వంటగట్టు పట్టుకొని మడమలెత్తుట వంటివి వారు క్రమముగా చేయవలెను.

ఇంటివారికిని పని ఉన్నది. స్నానాల గదిలో పాచి కడుగుడి. గోడకు పట్టుకొను కడ్డీ బిగించుడి. రాత్రి నడచు దారిలో దీపముంచుడి. తల తిరుగుచున్నచో, వారు వాడు మందులన్నియు డాక్టరుగారికి చూపుడి. కంటి శుక్లముల వైద్యము వాయిదా వేయకుడి.

అన్నిటికంటె ముందు, పడినారా అని గద్దించక అడుగుడి. నేను అవ్వగారిని ఒప్పించి కుమారునితో మాట్లాడితిని. అతడు తల్లిని కట్టడి చేయలేదు. దొడ్డిలో లైటు పెట్టించెను. ఆమె నేటికిని ఆదివారము గుడికి నడచియే వచ్చుచున్నారు.