జాన్ని రివేరా: ఒక మధ్యరంగ క్రీడాకారుని చరిత్ర

ఫుట్‌బాల్ ఆట చూచి ఇంటికి మరలుచున్నవారిని ఆటను గూర్చి అడిగినచో, గోలు చేసినవాని పేరు మొదట చెప్పుదురు. దానిని ఆపలేకపోయిన గోల్‌కీపరు పేరు ఆ తరువాత చెప్పుదురు. ఆ బంతిని ఆ క్షణమున ఆ చోటికి పంపినవాని పేరు తలచువారు అరుదు. మైదానము నడుమ నిలిచి, వెనుకనున్న రక్షకులకును ముందున్న దాడివారికిని నడుమ ఆటను నడపువానిని మధ్యరంగ క్రీడాకారుడందురు. ఇతడు పెండ్లియింటి వంటవాని వంటివాడు. విందు రుచించినచో కీర్తి పెండ్లివారిది. ఉప్పు తక్కువైనచో నింద ఇతనిది. ఇట్టివారిలో అగ్రగణ్యుడైన ఇటలీ దేశస్థుడు జాన్ని రివేరాను గూర్చి నేడు ముచ్చటించెదము. అతని జీవితము మన ముందొక ప్రశ్న నుంచుచున్నది. పరుగెత్తువాడు ఎక్కువా, చూడగలవాడు ఎక్కువా? ఇద్దరిలో ఒకనినే ఎన్నుకొనవలసివచ్చినపుడు జట్టు ఎవరిని ఎన్నుకొనవలెను?

రివేరా 1943 ఆగస్టు 18వ తేదీన, యుద్ధము మధ్యలో, ఉత్తర ఇటలీలోని అలెస్సాండ్రియా ప్రాంతమున జన్మించెను. తండ్రి రైల్వే కార్మికుడు. 1959 జూన్ 2వ తేదీన, పదునారేండ్లయినను నిండకమునుపే, ఆ పట్టణపు జట్టు పక్షమున ఇటలీ ప్రథమశ్రేణి పోటీలో ఇంటర్ జట్టుపై ఆడెను. మరుసటి సంవత్సరము మిలాన్ జట్టు అతనిని తీసికొనెను. అంతవరకు ఆ జట్టులో ఆట నడపిన మహానుభావుడు, 1950 ప్రపంచ కప్పును ఉరుగ్వేకు సాధించిపెట్టినవారిలో ఒకడైన స్కియాఫీనో, అప్పుడే రోమా జట్టునకు వెడలిపోయెను. ఆ స్థానమును భర్తీచేయవలసినవాడు బక్కపలుచని ఈ బాలుడు.

ఆ 1960వ సంవత్సరముననే రోము నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఇటలీ జట్టులో రివేరా ఉండెను. అదే పోటీలో మన భారత జట్టును నడపిన శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీము. హంగరీపై మనవారు 2–1 తేడాతో ఓడిపోయినను, మన పక్షమున ఆ ఒక్క గోలు చేసినవాడు సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాము. ఫ్రాన్సుతో మనవారు 1–1గా సరిసమానముగా నిలిచిరి. ఇటలీ సెమీఫైనలులో యుగోస్లావియాతో సమానముగా ఆడి, చీటీ వేయగా ఓడిపోయెను. మూడవ స్థానము కొరకు జరిగిన ఆటలో మన్నోడించిన ఆ హంగరీయే ఇటలీని గూడ 2–1గా ఓడించెను. ఒకే వేసవిలో ఒకే దేశమున రివేరాయు బలరామును ఒకే ప్రత్యర్థి నెదుర్కొనిరన్నమాట తెలుగు శ్రోతలకు ప్రీతి కలిగింపక మానదు.

రివేరా ఆట ఎట్టిదో తెలియవలెనన్న, అప్పటి ఇటలీ ఆట ఎట్టిదో తెలియవలెను. ఆ దినములలో అక్కడ ప్రబలిన పద్ధతికి 'కాతెనాచ్చో' అని పేరు. అనగా తలుపు గడియ. గోలు పోనీయకుండుటయే మొదటి ధర్మము. అవకాశము చిక్కినపుడు ఒక్క దెబ్బ కొట్టి మరల తలుపు వేసికొనుట రెండవది. మిలాన్ శిక్షకుడు నెరేయో రోక్కో ఈ విద్యలో ఆరితేరినవాడు. కాని గడియ వేసిన యింటికిని తలుపు తెరచువాడొకడు కావలెను గదా! రోక్కో ఆ పనిని రివేరాకు అప్పగించెను. రివేరా వేగముగా పరుగెత్తువాడు కాడు. ఎదుటివానిపై బడి బంతి లాగికొనువాడును కాడు. బంతి తన కాలికి రాకమునుపే అది ఎచటికి పోవలెనో అతడు చూచి ఉంచుకొనెడివాడు. 1963 మే 22వ తేదీన లండను వెంబ్లీ మైదానమున బెన్‌ఫికాపై మిలాన్ 2–1గా గెలిచి, యూరోపియన్ కప్పును ఇటలీకి మొదటిసారిగా తెచ్చెను. రెండు గోళ్లను అల్తఫీని చేసెను. రివేరాకు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు.

పొగడ్తతోపాటు నింద గూడ వచ్చెను. ప్రసిద్ధ క్రీడావిలేఖరి జాన్ని బ్రేరా ఇతనికి 'అబాతినో' అని పేరు పెట్టెను. చిన్న మఠాధిపతి అని దాని భావము. నాజూకైనవాడు, చెమటోడ్చనివాడు అని ఎత్తిపొడుపు. ఈ మాట రివేరాను జీవితాంతము వెంబడించెను. 1966 జూలై 19వ తేదీన ఇంగ్లండులో, ప్రపంచ కప్పు పోటీలలో, ఇటలీ ఉత్తర కొరియా చేతిలో ఒక్క గోలుతో ఓడినపుడు ఆ జట్టులో రివేరా ఉండెను. గాయపడినవాని బదులు మరియొకనిని దింపు నియమము అప్పటికి లేనందున, బుల్గరెల్లి తప్పుకొనిన పిదప ఇటలీ పదిమందితోనే ఆడవలసివచ్చెను. అయినను దేశము దేనిని క్షమింపలేదు.

ఆ పిమ్మట వచ్చిన మూడేండ్లు అతని మంచి కాలము. 1968లో మిలాన్ ఇటలీ ఛాంపియను అయ్యెను. అదే సంవత్సరము ఇటలీ యూరోపు విజేతయు అయ్యెను. సోవియట్ జట్టుతో జరిగిన సెమీఫైనలు తెగకపోగా, నాణెమెగురవేసి విజేతను తేల్చిరి. 1960లో చీటీ తీసికొన్నదానిని 1968లో నాణెము తిరిగి ఇచ్చెనని చెప్పవచ్చును. 1969 మే నెలలో మాడ్రిడ్ నగరమున మిలాన్ అయాక్స్ జట్టును 4–1గా ఓడించి మరల యూరోపియన్ కప్పు నందుకొనెను. మూడు గోళ్లు ప్రాతి చేసినను, ఆట నడపినది రివేరా అని అందరును ఒప్పుకొనిరి. ఆ సంవత్సరము యూరోపున ఉత్తమ క్రీడాకారునికిచ్చు బంగారు బంతి బహుమానము అతనికే లభించెను.

ఇక 1970 మెక్సికో. ఇటలీ శిక్షకుడు వాల్కరేజ్జి ముందు చిక్కు ప్రశ్న నిలిచెను. మధ్యరంగమున రివేరాకు సమానుడు సాండ్రో మజ్జోలా ఉండెను. 1949లో సూపెర్గా కొండపై విమానము కూలి మరణించిన ప్రఖ్యాత క్రీడాకారుడు వాలెంతీనో మజ్జోలా కుమారుడీతడు. వేగశాలి, శ్రమజీవి. ఇద్దరిని కలిపి ఆడించిన, బంతి లాగుకొనువారు తక్కువగుదురని శిక్షకుని భయము. కావున ఒక ఉపాయము పన్నెను. మొదటి సగము మజ్జోలా, రెండవ సగము రివేరా. ఇటలీవారు దీనికి 'స్తఫెత్త' అని, అనగా రిలే పరుగని, పేరు పెట్టిరి. క్వార్టర్ ఫైనలులో మెక్సికోపై మొదటి సగము 1–1గా ముగిసెను. రివేరా వచ్చిన తరువాత ఇటలీ మూడు గోళ్లు చేసెను. అందొకటి అతనిదే.

జూన్ 17వ తేదీన అజ్తెకా స్టేడియంలో పశ్చిమ జర్మనీతో సెమీఫైనలు. బోనిన్‌సెన్యా గోలుతో 1–0గా గెలువబోవుచున్న ఇటలీపై, చివరి క్షణమున గోలు చేసినవాడు ష్నెల్లింగరు. మిలాన్ జట్టులో అతడు రివేరాకు సహచరుడు! అదనపు సమయమున అరగంటలో ఐదు గోళ్లు పడెను. భుజమునకు కట్టు కట్టుకొని బెకెన్‌బవరు ఆడుచుండెను. 110వ నిమిషమున జర్మనీ వీరుడు ముల్లరు తలతో కొట్టిన బంతి, గోలు స్తంభము ప్రక్కన నిలిచియున్న రివేరాను దాటి లోపలికి పోయెను. ఆట 3–3. గోల్‌కీపరు అల్బెర్తోసి అతనిపై మండిపడెను. రివేరా మారు పలుకక ముందుకు సాగెను. ఒక నిమిషమైనను గడవకమునుపే బోనిన్‌సెన్యా ఎడమవైపునుండి బంతి నందించెను. జర్మనీ గోల్‌కీపరు మయరు ఒకవైపునకు కదలగా, రివేరా రెండవవైపునకు నెమ్మదిగా త్రోసెను. ఇటలీ 4–3గా గెలిచెను. నేటికిని ఆ స్టేడియము గోడపై ఆ ఆటను 'శతాబ్దపు ఆట' యని ప్రకటించు ఫలకము కలదు.

నాలుగు దినముల తరువాత బ్రెజిలుతో ఫైనలు జరిగెను. మొదటి సగము 1–1గా ముగిసెను. రివేరాను దింపుదురని దేశమంతయు ఎదురుచూచెను. దింపలేదు. 66వ నిమిషమున జెర్సన్, 71వ నిమిషమున జైర్జీన్యో గోళ్లు చేసిరి. 84వ నిమిషమున, అంతయు ముగిసిన పిదప, బోనిన్‌సెన్యాను పిలిచి రివేరాను పంపిరి. ఆరు నిమిషములు! ఆట 4–1గా ముగిసెను. ప్రపంచమున రెండవ స్థానము పొంది వచ్చిన జట్టునకు రోము విమానాశ్రయమున నిరసన ధ్వనులు ఎదురయ్యెను.

శిక్షకుని పక్షమున చెప్పవలసినది కలదు. మజ్జోలా ఆనాడు బాగుగానే ఆడుచుండెను. మెక్సికో నగరము సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అచట గాలి పలుచన. పరుగెత్తనివానిని పోషించు శక్తి మిగిలినవారికి లేదని ఆయన తలచియుండవచ్చును. కాని నూట ఇరువది నిమిషములాడి అలసినవారికి, మనుష్యులను గాక బంతిని పరుగెత్తించువాడే కావలసియుండెనని గూడ వాదింపవచ్చును. మాకు ఈ రెండవ వాదమే బలమైనదిగా తోచుచున్నది. అతడు ఆడినచో బ్రెజిలు ఓడిపోయెడిదనుట మాత్రము అతిశయోక్తి. పేలే, జెర్సన్, తొస్తావో కలసి ఆడిన ఆ జట్టును ఆనాడు ఎవరును ఓడింపలేకుండిరేమో. మజ్జోలాను ఎన్నుకొనుట దోషము కాదు. ఆరు నిమిషములకై పంపుట దోషము. నమ్మినచో వేళకు పంపవలెను; నమ్మనిచో పంపకుండవలెను. ఈ నీతి ఆటస్థలమునకే పరిమితము కాదు.

రివేరా అంతటితో కృంగిపోలేదు. 1972లో రిఫరీలను గూర్చి తీవ్రముగా మాటలాడినందుకు నిషేధమునకు గురియై, మరుసటి ఋతువున పదిహేడు గోళ్లు చేసి, ఆ ఏటి అధికసంఖ్య గోళ్ల గౌరవమును మరి ఇద్దరితో పంచుకొనెను. దేశము తరపున అరువది ఆటలాడి పదునాలుగు గోళ్లు చేసెను. మిలాన్ పక్షమున 658 ఆటలు, 164 గోళ్లు.

అతని చివరి ఋతువు 1979. మిలాన్ పదవసారి ఛాంపియను కావలెనన్న, మే 6వ తేదీన బొలోన్యాతో ఓడిపోకుండవలెను. సాన్ సీరో స్టేడియపు పై అంతస్తులో భద్రము కాదని మూసివేసిన భాగమున జనులు క్రిక్కిరిసిరి. వారు దిగిననే గాని ఆట సాగదు. రివేరా మైకు చేతబట్టి, దిగిరండని వేడుకొనెను. జనులు దిగిరి. ఆట 0–0గా ముగిసెను. పది విజయములకు గుర్తుగా చొక్కాపై కుట్టు నక్షత్రము మిలాన్‌కు దక్కెను. ఇరువదియేండ్లు కాలితో ఆట నడపినవాడు ఆనాడు కంఠముతో నడపెను.

తరువాత అతడు 1987లో పార్లమెంటు సభ్యుడై, 1996 నుండి రక్షణశాఖలో ఉపమంత్రి పదవిని, ఆపైన యూరోపియన్ పార్లమెంటు సభ్యత్వమును నిర్వహించెను. అయినను ఇటలీలో ఆనాటివారు ఇద్దరు కలసిన, ఆ ఆరు నిమిషముల ప్రస్తావన రాక మానదు. ఈసారి మన ఊరి మైదానమున ఆట చూచునపుడు, గోలు పడగానే కేరింతలు కొట్టి ఊరకుండక, ఆ బంతి ఎవరి కాలినుండి వచ్చినదో ఒక్కసారి వెనుదిరిగి చూడవలెనని మా కోరిక. అచట మరియొక రివేరా, మరియొక బలరాము నిలిచియుండవచ్చును.